బెజవాడ గాలిలో 42 కిలోమీటర్లు: తొలి మారథాన్ ఫలితాన్ని నిర్ణయించేవి

సంక్షిప్తంగా: మారథాన్ సాధన ప్రణాళికల్లో చాలామటుకు చల్లని దేశాల వాతావరణానికి తగినట్టు తయారైనవి. కృష్ణా తీరంలో వాటిని ఉన్నవున్నట్టు పాటించడం కుదరదు. ఇక్కడ తొలిసారి మారథాన్‌కు దిగేవారి ఫలితం కాళ్ల వేగంకన్నా ఎక్కువగా గాలిలోని తేమ మీద, సాధన ఏ నెలల్లో పడుతుందన్న దాని మీద ఆధారపడుతుంది. ఏ పోటీకి పేరు నమోదు చేసుకోవాలన్నది తేల్చుకున్న రోజే సాధన ఎంత కష్టంగా సాగుతుందన్నది కూడా చాలావరకు తేలిపోతుంది.

చలికాలం మొదలయ్యేసరికి విజయవాడ, గుంటూరు నగరాల్లో ఆదివారం ఉదయపు పరుగుల ప్రకటనలు పెరుగుతాయి. వాడుకలో వీటన్నిటికీ ఒకటే పేరు స్థిరపడింది. రెండు కిలోమీటర్ల అవగాహన నడకా మారథానే, అయిదు కిలోమీటర్ల పరుగూ మారథానే. ఈ వాడుక వల్ల ఒక చిక్కు ఏర్పడింది. అయిదు కిలోమీటర్లు పరుగెత్తి మెడలో పతకం వేయించుకున్న వ్యక్తి, ఇంకొంచెం గట్టిగా ప్రయత్నిస్తే పెద్ద నగరాల్లో జరిగే పూర్తి మారథాన్ కూడా అందుతుందని భావించి పేరు నమోదు చేసుకుంటున్నాడు. ఆ రెండింటి మధ్య ఉన్న తేడా దూరంలో మాత్రమే లేదు. శరీరం పనిచేసే తీరే మారిపోతుంది.

మారథాన్ అంటే 42.195 కిలోమీటర్లు. స్థానికంగా ఈ దూరాన్ని ఊహించుకోవడానికి ప్రకాశం బ్యారేజీ మంచి కొలత. 1957లో పూర్తయిన ఆ నిర్మాణం పొడవు సుమారు 1,223 మీటర్లు. విజయవాడ వైపు నుంచి సీతానగరం ఒడ్డుకు వెళ్లి తిరిగి రావడాన్ని ఒక చుట్టుగా లెక్కిస్తే పదిహేడు చుట్లు పూర్తయ్యాక కూడా కొంత దూరం మిగులుతుంది. మరో రకంగా చెప్పాలంటే, విజయవాడలో బయల్దేరి మంగళగిరి, నాగార్జున విశ్వవిద్యాలయం దాటి గుంటూరు ఊళ్లోకి చేరినా మారథాన్ పూర్తి కాదు, ఇంకా అయిదారు కిలోమీటర్లు ఉంటుంది. ఆ చివరి అయిదారు కిలోమీటర్లలోనే అసలు సమస్య ఎదురవుతుంది.

195 మీటర్ల చరిత్ర

1896లో ఏథెన్స్‌లో జరిగిన తొలి ఆధునిక ఒలింపిక్స్‌లో మారథాన్ దూరం సుమారు 40 కిలోమీటర్లు. గ్రీసుకే చెందిన స్పిరిడాన్ లూయిస్ అందులో గెలిచాడు. 1908 లండన్ ఒలింపిక్స్‌లో పరుగును విండ్సర్ కోట దగ్గర ప్రారంభించి, స్టేడియంలో రాజకుటుంబం కూర్చునే చోటికి ఎదురుగా ముగించడంతో దూరం 42.195 కిలోమీటర్లయింది. 1921లో అంతర్జాతీయ అథ్లెటిక్స్ సమాఖ్య దాన్నే ప్రమాణంగా స్వీకరించింది. అంటే ఈ అంకె వెనుక శరీరశాస్త్రం ఏమీ లేదు. అయితే యాదృచ్ఛికంగానే అయినా ఈ దూరం మనిషి శరీరంలోని పిండిపదార్థపు నిల్వ అయిపోయే చోటికి కాస్త అవతల పడింది. అర్ధ మారథాన్‌కూ పూర్తి మారథాన్‌కూ ఉన్న తేడాకు మూలం అదే.

గుంటూరు పొలిమేరలో ఎదురయ్యే గోడ

పరుగుకు అయ్యే శక్తి ఖర్చును లెక్కించడానికి ఒక సులువైన అంచనా ఉంది. శరీర బరువులో ప్రతి కిలోకూ, ప్రతి కిలోమీటరుకూ దాదాపు ఒక కిలోకేలరీ చొప్పున ఖర్చవుతుంది. 65 కిలోల వ్యక్తికి మారథాన్ పూర్తయ్యేసరికి సుమారు 2,750 కిలోకేలరీలు కావాలి. కండరాలు, కాలేయం కలిసి గ్లైకోజెన్ రూపంలో దాచుకునే పిండిపదార్థం మామూలుగా 500 గ్రాముల దగ్గర ఉంటుంది. దాని నుంచి వచ్చేది 2,000 కిలోకేలరీలు. మిగిలిన లోటును కొవ్వు పూడ్చాలి. కొవ్వుకు కొరత ఉండదు, సన్నగా ఉన్న మనిషిలో కూడా అనేక మారథాన్లకు సరిపోయే నిల్వ ఉంటుంది. కానీ కొవ్వు నుంచి శక్తి నెమ్మదిగా విడుదలవుతుంది, అంతే శక్తికి ఎక్కువ ఆక్సిజన్ అడుగుతుంది.

గ్లైకోజెన్ అడుగంటినప్పుడు శరీరం ఎక్కువగా కొవ్వు మీదే నడవాల్సి వస్తుంది, వేగం ఒక్కసారిగా పడిపోతుంది, కాళ్లు బరువెక్కుతాయి, ఆలోచన మందగిస్తుంది. పరుగెత్తేవారు దీన్నే గోడ అంటారు. సాధారణంగా ఇది 30 నుంచి 35 కిలోమీటర్ల మధ్య ఎదురవుతుంది. పైన చెప్పిన దారిలో అయితే గుంటూరు పొలిమేరకు చేరే చోటు అది.

ఈ లెక్కలో అత్యంత ముఖ్యమైన అంశం వేగం. నెమ్మదిగా కదులుతున్నప్పుడు శరీరం కొవ్వును ఎక్కువ నిష్పత్తిలో వాడుతుంది, వేగం పెరిగేకొద్దీ గ్లైకోజెన్ వాటా పెరుగుతుంది. కాబట్టి మొదటి పది కిలోమీటర్లలో ఉత్సాహంగా ఉన్నందువల్ల కిలోమీటరుకు అర నిమిషం ముందుకు పోయిన వ్యక్తి, ఆ అర నిమిషానికి మూల్యాన్ని చివరి పది కిలోమీటర్లలో రెండు మూడు నిమిషాల చొప్పున చెల్లించవలసి వస్తుంది. దారిలో పిండిపదార్థం తీసుకుంటూ ఉండటం రెండో మార్గం. గంటకు 30 నుంచి 60 గ్రాములు అన్నది సాధారణంగా సూచించే మోతాదు. ఒక మోస్తరు అరటిపండులో సుమారు 25 గ్రాములు ఉంటాయి, పోటీల్లో వాడే జెల్ పొట్లాల్లో చాలావాటిలో కూడా దాదాపు అంతే. బెల్లం ముక్క, ఖర్జూరం కూడా పనికొస్తాయి. పల్లీ చిక్కీ మాత్రం నూనెగింజల వల్ల ఆలస్యంగా అరుగుతుంది కాబట్టి పరుగు మధ్యలో అంత అనువైనది కాదు. ఏది ఎంచుకున్నా సాధనలోనే అలవాటు చేసుకోవాలి. పరుగెత్తేటప్పుడు జీర్ణకోశానికి రక్తం తగ్గుతుంది, తెలియని పదార్థాన్ని పోటీ రోజున మొదటిసారి తింటే కడుపు తిప్పడం చాలా మామూలు.

చెమట ఆరినప్పుడే చల్లదనం

కృష్ణా డెల్టాలో మారథాన్ సాధన గురించి మాట్లాడవలసిన అసలు విషయం వేడి. పరుగులో ఖర్చయ్యే శక్తిలో నాలుగింట మూడు వంతులకు పైగా వేడిగానే మారుతుంది. పైన చెప్పిన 65 కిలోల వ్యక్తి శరీరంలో మారథాన్ పూర్తయ్యేలోగా రెండు వేల కిలోకేలరీలకు మించిన వేడి పుడుతుంది. దాన్ని బయటికి పంపించకపోతే ప్రాణానికే ముప్పు. చల్లని దేశాల్లో చుట్టూ ఉన్న గాలే ఆ వేడిలో పెద్ద భాగాన్ని తీసుకుపోతుంది. గాలి వేడి చర్మపు వేడికి దగ్గరవుతున్నకొద్దీ ఆ దారి మూసుకుపోయి, భారం మొత్తం చెమట మీద పడుతుంది.

ఒక లీటరు చెమట పూర్తిగా ఆవిరైతే సుమారు 580 కిలోకేలరీల వేడి పోతుంది. ఇందులో కీలకం ఆవిరి కావడం. బట్టలు తడిసి మోచేతుల నుంచి బొట్లు బొట్లుగా నేల మీద పడిన చెమట శరీరం నుంచి నీటినీ ఉప్పునూ తీసుకుపోతుంది గాని వేడిని తీసుకుపోదు. గాలిలో తేమ ఎక్కువగా ఉన్న తెల్లవారుజామున జరిగేది ఇదే. ఎండ లేదు కదా అని బయల్దేరిన వ్యక్తి అరగంటలో తడిసి ముద్దవుతాడు. ఆ తడి చల్లబరుస్తోందన్న భావన కలుగుతుంది, నిజానికి లోపలి వేడి పెరుగుతూనే ఉంటుంది. దానికి స్పందనగా శరీరం ఇంకా ఎక్కువ చెమటను పంపిస్తుంది. ఇలా నీటి నష్టం, వేడి రెండూ కలిసి పెరుగుతాయి. రాజస్థాన్ పొడి ఎండలో ఉష్ణమాపకం చూపే అంకె ఎక్కువగా ఉన్నా చెమట వెంటనే ఆరిపోతుంది. కోస్తా ఉక్కపోతలో అంకె తక్కువగా ఉన్నా ఆ సౌకర్యం ఉండదు.

ఈ తేడాను పట్టుకోవడానికే క్రీడావైద్యులు తడిబల్బు, అంటే తడిగుడ్డ చుట్టిన ఉష్ణమాపకం, ఆధారంగా లెక్కించే సంయుక్త సూచికను వాడతారు. నీడలో అయితే తడిబల్బు ఉష్ణోగ్రతకు ఏడు వంతులు, మామూలు ఉష్ణోగ్రతకు మూడు వంతులు ప్రాధాన్యమిచ్చి దీన్ని లెక్కకడతారు. ఈ సూచిక 28 డిగ్రీలు దాటితే దూరపు పరుగు పోటీలను నిర్వహించకూడదని అమెరికన్ కాలేజ్ ఆఫ్ స్పోర్ట్స్ మెడిసిన్ సూచించింది. మే నెలలో ఒక తెల్లవారుజామున 29 డిగ్రీల వేడి, 80 శాతం తేమ ఉన్నాయనుకుంటే సూచిక 27 దగ్గర తేలుతుంది. సూర్యుడు ఇంకా రాకముందే హద్దుకు ఒక్క డిగ్రీ దూరంలో ఉన్నట్టు. జనవరిలో 20 డిగ్రీల వేడి, 85 శాతం తేమ ఉన్న తెల్లవారుజామున అదే సూచిక 19కి అటూఇటూగా ఉంటుంది. ఒకే ఊరు, ఒకే దారి, ఒకే వేళ అయినా శరీరం మీద పడే భారంలో ఇంత తేడా ఉంది.

అనుభవజ్ఞులకు కూడా వేడి ఎంత ప్రమాదకరమో 2007 అక్టోబరు 7న షికాగో మారథాన్ చూపించింది. ఆ రోజు ఉష్ణోగ్రత అనుకోకుండా 30 డిగ్రీలు దాటడంతో నిర్వాహకులు పోటీని మధ్యలో ఆపేయవలసి వచ్చింది. మనకు 30 డిగ్రీలంటే చల్లటి రోజే అనిపించవచ్చు. అది కొంతవరకు నిజం కూడా, ఎందుకంటే వేడిలో రెండు వారాలు క్రమంగా శ్రమపడితే శరీరం సర్దుకుంటుంది. రక్తంలో ద్రవభాగం పెరుగుతుంది, చెమట త్వరగా మొదలవుతుంది, చెమటలో ఉప్పు తగ్గుతుంది. కానీ ఈ సర్దుబాటు బెజవాడలో పుట్టినంత మాత్రాన రాదు. పగలంతా ఏసీ కార్యాలయంలో, రాత్రంతా ఏసీ గదిలో గడిపే వ్యక్తికి రోహిణి కార్తె ఎండ తన ఊరిదే అయినా శరీరానికి కొత్తదే. పైగా సాధన ఆపిన కొద్ది వారాల్లోనే సర్దుబాటు తగ్గిపోతుంది.

వేడిలో గుండె రెండు పనులు ఒకేసారి చేయాలి. కండరాలకు రక్తం పంపాలి, చల్లబడటానికి చర్మానికీ పంపాలి. అందువల్ల డిసెంబరులో కిలోమీటరుకు ఏడు నిమిషాల వేగంతో తేలిగ్గా సాగిన పరుగు, మే నెలలో అదే వేగంతో చేస్తే గుండె నిమిషానికి పది ఇరవై సార్లు ఎక్కువ కొట్టుకుంటుంది. చేతి గడియారంలో కనిపించే వేగాన్ని పట్టుకుని వేలాడటం ఇక్కడ పొరపాటు. పక్కవారితో పూర్తి వాక్యాల్లో మాట్లాడగలిగేంత తేలిక వేగమే వేసవి సాధనకు సరైన కొలత. అది కిలోమీటరుకు ఎనిమిదిన్నర నిమిషాలైనా సరే.

ఏ నెల పోటీ, ఏ నెలల సాధన

తొలి మారథాన్‌కు మామూలుగా 16 నుంచి 20 వారాల ప్రత్యేక సాధన కావాలి. దానికి ముందే కొన్ని నెలలుగా వారానికి మూడు నాలుగు రోజులు పరుగెత్తే అలవాటు ఉండాలి. ఈ లెక్కను క్యాలెండరు మీద వెనక్కి వేసి చూస్తే ఎంపికల మధ్య తేడా స్పష్టంగా కనిపిస్తుంది.

విజయవాడ, గుంటూరు వాసులకు దగ్గరలో ఉన్న పెద్ద పోటీ హైదరాబాద్ మారథాన్. అది ఆగస్టు చివర్లో జరుగుతుంది. ఆ రోజున హైదరాబాద్ వాతావరణం ఒక మోస్తరుగా ఉండొచ్చు గాని, 18 వారాల వెనక్కి వెళితే సాధన ఏప్రిల్ నెలాఖరులో మొదలుపెట్టాలి. దూరాలు పెరిగే దశ రోళ్లు పగులుతాయని పేరుపడ్డ రోహిణి కార్తెలో పడుతుంది. అత్యంత పొడవైన పరుగులు జులై ఉక్కపోతలో చేయాలి. మే చివర్లో విజయవాడలో ఉదయం అయిదున్నరకే సూర్యోదయం అవుతుంది కాబట్టి మూడు గంటల పరుగును చల్లటి వేళలో ముగించాలంటే రెండున్నరకు బయల్దేరాలి. రోజూ ఉద్యోగం చేసుకునేవారికి ఇది నెలల తరబడి సాగేది కాదు. దీనికి తోడు హైదరాబాద్ దారి ఎత్తుపల్లాలతో, ఫ్లైఓవర్లతో నిండి ఉంటుంది. కాలువ గట్ల మీద చదునుగా సాగే సాధన దానికి సరిపోదు. కొండపల్లి ఖిల్లా ఘాట్ రోడ్డు వంటి చోట్ల నెలకు కొన్నిసార్లయినా ఎక్కి దిగడం అవసరం. తొలి మారథాన్‌కు ఈ ఎంపిక దగ్గరిదిగా కనిపించినా కష్టమైనదే.

ముంబయి మారథాన్ 2004 నుంచి జరుగుతోంది, జనవరి మూడో ఆదివారం దాని రోజు. చెన్నై మారథాన్ కూడా జనవరిలోనే ఉంటుంది. వీటికి సాధన సెప్టెంబరులో మొదలవుతుంది. తొలి వారాల్లో వానలు, ఉక్కపోత తప్పవు, అక్టోబరు నవంబరు నెలల్లో వాయుగుండాలు ఒకటి రెండు ఆదివారాలను మింగేయవచ్చు. కానీ దూరాలు పెరిగేకొద్దీ వాతావరణం చల్లబడుతూ వస్తుంది. అత్యంత పొడవైన పరుగులు ధనుర్మాసంలో పడతాయి. ఆ రోజుల్లో ఆరున్నర దాటాక గాని సూర్యోదయం కాదు, కనిష్ఠ ఉష్ణోగ్రత 20 డిగ్రీల చుట్టూ ఉంటుంది, తెల్లవారకముందే గుళ్ల దగ్గర, వీధుల్లో జనసంచారం ఉంటుంది. ఒంటరిగా పరుగెత్తే మహిళలకు ఈ చివరి అంశం చిన్నది కాదు. అయితే ముంబయి, చెన్నై సముద్రతీర నగరాలు కాబట్టి పోటీ రోజున పొద్దెక్కాక తేమా ఎండా కలిసి ఇబ్బంది పెడతాయి. నాలుగు గంటల్లో ముగించేవారికన్నా ఆరు గంటలు పట్టేవారే ఎక్కువసేపు ఎండలో ఉంటారన్న సంగతి మరచిపోకూడదు.

ముంబయిని ఎంచుకున్న తెలుగువారికి మరో సమస్య కూడా ఉంది. మూడో ఆదివారం 15, 21 తేదీల మధ్య వస్తుంది. అంటే పోటీకి ముందు వారంలోనో, రోజు ముందో, ఒక్కోసారి అదే రోజునో సంక్రాంతి. అరిసెలు, గారెలు, పండుగ ప్రయాణాలు, నిద్రలేని భోగి తెల్లవారుజాము, ఇవన్నీ విశ్రాంతి కావలసిన రోజుల్లోనే వస్తాయి. దీన్ని ముందే లెక్కలోకి తీసుకోవాలి.

గుండె తొందరపడుతుంది, ఎముక ఆగమంటుంది

సాధన మొదలైన ఆరేడు వారాలకే ఆయాసం తగ్గుతుంది. గుండె, రక్తనాళాలు త్వరగా మెరుగుపడతాయి. కండరాలను ఎముకలకు పట్టి ఉంచే స్నాయువులు, ఎముకలు మాత్రం నెలలు తీసుకుంటాయి. తొలిసారి సాధన చేసేవారి గాయాల్లో పెద్ద భాగం ఈ వ్యవధి తేడాలోంచి పుడుతుంది. ఊపిరి సహకరిస్తోంది కాబట్టి దూరం పెంచుతారు. మోకాలి చిప్ప చుట్టూ నొప్పి, మడమ కింద పొద్దున్నే పోటు, ముంగాలి ఎముక వెంట సలుపు అప్పుడు మొదలవుతాయి. ప్రతి అడుగులోనూ నేల నుంచి శరీర బరువుకు రెండు మూడు రెట్లు బలం తిరిగి వస్తుంది, మారథాన్‌లో అలాంటి అడుగులు నలభై యాభై వేలు ఉంటాయి. కాంక్రీటు రోడ్లు విస్తరించిన మన వీధుల్లో వారానికి ఒక్క రోజైనా కాలువ గట్టు మట్టిదారి మీదో, గుంటూరు బ్రహ్మానందరెడ్డి స్టేడియం వంటి మైదానంలోనో పరుగెత్తడం కాళ్లకు మార్పునిస్తుంది. జాతీయ రహదారి అంచు మాత్రం సాధనకు పనికిరాదు. చీకట్లో లారీల పక్కన పరుగెత్తడంలోని ప్రమాదం ఏ లాభానికీ సరిపోదు.

వారానికి పది శాతం మించి దూరం పెంచకూడదన్న సూత్రం విస్తృతంగా ప్రచారంలో ఉంది. నెదర్లాండ్స్‌లో 2008లో వెలువడిన ఒక అధ్యయనంలో ఆ సూత్రాన్ని పాటించిన కొత్తవారికీ, పాటించనివారికీ గాయాల్లో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. వారం మొత్తపు దూరంకన్నా ఒకే రోజున చేసిన పెద్ద దూకుడే కాళ్లను ఎక్కువగా దెబ్బతీస్తుందన్న అభిప్రాయం ఇప్పుడు బలపడుతోంది. నెల రోజులుగా 14 కిలోమీటర్లు దాటని వ్యక్తి మిత్రబృందం ప్రోత్సాహంతో ఒక ఆదివారం 21 కిలోమీటర్లు పూర్తి చేయడం సరిగ్గా ఇలాంటిదే.

ఆదివారపు లాంగ్ రన్ ఈ సాధనకు వెన్నెముక. 12 కిలోమీటర్లతో మొదలై రెండు మూడు వారాలు పెరిగి, ఒక వారం తగ్గి, మళ్లీ పెరుగుతూ పోటీకి మూడు వారాల ముందు 28 నుంచి 32 కిలోమీటర్లకు చేరడం మామూలు పద్ధతి. పోటీకి ముందే 42 కిలోమీటర్లూ ఒకసారి పరుగెత్తి చూసుకోవాలన్న కోరిక చాలామందికి కలుగుతుంది గాని, దాని వల్ల వచ్చే అలసట మిగిలిన సాధనను తినేస్తుంది. నెమ్మదిగా పరుగెత్తేవారు దూరాన్ని పక్కనపెట్టి మూడున్నర గంటల దగ్గర ఆపడం మంచిది. ఆ తర్వాత రెండు మూడు వారాలు దూరాన్ని దాదాపు సగానికి తగ్గించి, వేగాన్ని మాత్రం అలాగే ఉంచాలి. దీన్ని టేపర్ అంటారు. ఈ రోజుల్లో కాళ్లలో లేని నొప్పులు ఉన్నట్టు అనిపించడం, సాధన చాలలేదన్న బెంగ కలగడం సహజం. ఆ బెంగతో చివరి వారంలో అదనపు పరుగు చేయడం వల్ల లాభం లేదు, నష్టం మాత్రం ఉంది.

నీళ్లు తక్కువైనా ముప్పే, ఎక్కువైనా ముప్పే

ఎండదెబ్బ గురించి తెలిసినంతగా అతిగా నీళ్లు తాగడంలోని ప్రమాదం మనవారికి తెలియదు. రక్తంలో సోడియం లీటరుకు 135 మిల్లీమోల్‌లకన్నా తగ్గితే తలనొప్పి, వాంతులు, అయోమయం, తీవ్రమైతే మూర్ఛ రావచ్చు. 2002 బోస్టన్ మారథాన్‌లో పరుగు ముగించినవారిలో 488 మంది రక్తాన్ని పరీక్షిస్తే 13 శాతం మందిలో సోడియం ఆ స్థాయికి పడిపోయి ఉంది. వారిలో ఎక్కువగా కనిపించిన లక్షణాలు పరుగులో బరువు పెరగడం, నాలుగు గంటలకు మించి పరుగెత్తడం. నెమ్మదిగా సాగుతూ కనిపించిన ప్రతి నీళ్ల బల్ల దగ్గరా ఆగి తాగేవారికే ఈ ముప్పు ఎక్కువ, తొలిసారి పరుగెత్తేవారిలో చాలామంది ఆ కోవకు చెందినవారే.

ఎంత తాగాలన్నది మనిషి మనిషికీ మారుతుంది కాబట్టి కొలుచుకోవడమే మార్గం. గంటన్నర పరుగుకు ముందు 70 కిలోలున్న వ్యక్తి తర్వాత తడి బట్టలు విప్పి తూగితే 68.8 కిలోలున్నాడనుకుందాం. మధ్యలో అర లీటరు తాగి ఉంటే మొత్తం చెమట 1.7 లీటర్లు, గంటకు 1.1 లీటర్ల పైచిలుకు. మే నెలలో ఒకసారి, డిసెంబరులో ఒకసారి ఇలా చూసుకుంటే ఎవరి లెక్క వారికి తెలుస్తుంది. పోయిన నీటినంతా దారిలోనే భర్తీ చేయనవసరం లేదు. దాహాన్ని అనుసరించి తాగుతూ, పరుగు ముగిసేసరికి బరువు పెరగకుండా చూసుకుంటే చాలు.

కొబ్బరినీళ్లు మన ప్రాంతంలో అన్నిటికీ మందులా చెలామణి అవుతాయి. వాటిలో పొటాషియం ఎక్కువ, సోడియం తక్కువ. చెమటలో పోయేది ప్రధానంగా సోడియం కాబట్టి పరుగు తర్వాత ఉప్పు వేసిన మజ్జిగ ఆ లోటును మరింత నేరుగా తీరుస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం తయారైన ఓఆర్‌ఎస్‌లో లీటరుకు 2.6 గ్రాముల ఉప్పు, 13.5 గ్రాముల గ్లూకోజు ఉంటాయి. ఉప్పు విషయంలో అది బాగా పనిచేస్తుంది, కానీ గంటకు 30 గ్రాముల పిండిపదార్థం కావలసిన చోట ఇంధనంగా చాలదు. దాన్ని వాడినా వేరే ఆహారం కూడా తీసుకోవాలి. ఆ సూత్రానికి సరిపోని తియ్యటి పానీయాల మీద ఓఆర్‌ఎస్ అన్న మాట వాడకూడదని ఆహార భద్రత సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ 2025 అక్టోబరులో ఆదేశించింది. కొనేముందు పొట్లం మీది వివరం చదవడం మంచిది.

విందు వేరు, నిల్వ వేరు

పోటీకి ముందు రెండు రోజులు పిండిపదార్థం పెంచితే గ్లైకోజెన్ నిల్వ నిండుతుంది. వరి అన్నం ప్రధానమైన మన భోజనం ఇందుకు సహజంగానే అనుకూలం. ఇడ్లీ, అటుకులు, పెరుగన్నం, అరటిపండు, బెల్లం పొంగలి చాలు. తగ్గించవలసినవి పప్పు, ఆకుకూరలు, వేపుళ్లు, గుంటూరు కారం. పీచు, నూనె, మిరప ఘాటు మూడూ పరుగు మధ్యలో కడుపును ఇబ్బంది పెట్టేవే. గోంగూర, ఆవకాయ రెండు రోజులు ఆగగలవు. నిల్వ అయ్యే ప్రతి గ్రాము గ్లైకోజెన్‌తోపాటు సుమారు మూడు గ్రాముల నీరు కూడా చేరుతుంది, అందువల్ల బరువు ఒకటిన్నర కిలో దాకా పెరిగినట్టు కనిపిస్తే కంగారుపడనవసరం లేదు.

మొదలుపెట్టే ముందు వైద్యుని దగ్గర

దూరపు పరుగుల్లో గుండె ఆగిపోయిన వార్తలు వచ్చినప్పుడల్లా భయం పెరుగుతుంది. 2000 నుంచి 2010 వరకు అమెరికాలో మారథాన్, అర్ధ మారథాన్‌లు పరుగెత్తిన కోటి మందికి పైగా వ్యక్తుల వివరాలను పరిశీలిస్తే 59 మందికి గుండె ఆగినట్టు తేలింది. అర్ధ మారథాన్‌తో పోలిస్తే పూర్తి మారథాన్‌లో ఈ రేటు మూడు నాలుగు రెట్లు ఎక్కువ, అయినా లక్షకు ఒకరి దగ్గరే ఉంది. అలా గుండె ఆగడం వెనుక చాలాసార్లు ముందే ఉండి బయటపడని గుండెజబ్బు కనిపించింది. మధుమేహం, రక్తపోటు విస్తృతంగా ఉన్న మన ప్రాంతంలో నలభై దాటినవారు, ఇంట్లో చిన్న వయసు గుండెజబ్బుల చరిత్ర ఉన్నవారు, పరుగులో ఛాతీ పట్టేసినట్టు అనిపించినవారు, ఒకసారైనా కళ్లు తిరిగి పడినవారు సాధనకు ముందే పరీక్ష చేయించుకోవడం తప్పనిసరి. ఇన్సులిన్ గాని, చక్కెరను వేగంగా తగ్గించే మాత్రలు గాని వాడేవారికి లాంగ్ రన్ రోజున మోతాదు మార్చవలసి రావచ్చు, అది వైద్యుడు చెప్పవలసిన విషయం.

మహిళల విషయంలో రక్తహీనతను మొదట చూడాలి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15–49 ఏళ్ల మహిళల్లో సగానికి పైగా రక్తహీనత ఉన్నవారే. సాధన సరిగానే సాగుతున్నా ఆయాసం తగ్గకపోవడానికి కారణం పట్టుదల లోపం అనుకుని మరింత శ్రమపడేవారు కొందరుంటారు. హిమోగ్లోబిన్, ఫెరిటిన్ (శరీరంలోని ఇనుము నిల్వను చూపేది) పరీక్ష చేయిస్తే అసలు కారణం తెలుస్తుంది.

నొప్పి మాత్ర వేసుకుని పరుగు ప్రారంభించడం ప్రమాదకరమైన అలవాటు. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ వంటి మందులు నీరు తగ్గిన శరీరంలో మూత్రపిండాలకు రక్తప్రసరణను ఇంకా తగ్గిస్తాయి.

పోటీ రోజు

అయిదు గంటల్లో ముగించాలంటే సగటున కిలోమీటరుకు 7 నిమిషాల 7 సెకన్లు, ఆరు గంటలకు 8 నిమిషాల 32 సెకన్లు పడుతుంది. తొలి మారథాన్‌కు సమయ లక్ష్యం పెట్టుకోకపోవడం మేలు. పెట్టుకున్నా మొదటి అయిదు కిలోమీటర్లను దానికన్నా నెమ్మదిగా సాగించాలి. పరుగెత్తేవారిలో ఎక్కువమంది రెండో సగంలో వేగం కోల్పోతారు, సగటున మహిళలకన్నా పురుషులు ఎక్కువ కోల్పోతారు. ఆరంభంలో తొందరపడటం అందుకు ఒక కారణం కావచ్చని పరిశోధకులు భావిస్తున్నారు. అలసిపోకముందే నియమిత వ్యవధిలో నడవడం మరో పద్ధతి. 1972 ఒలింపిక్స్‌లో పాల్గొన్న అమెరికన్ జెఫ్ గాలోవే దీన్ని ప్రచారంలోకి తెచ్చాడు. నాలుగు నిమిషాలు పరుగు, ఒక నిమిషం నడక అన్న క్రమాన్ని మొదటి నిమిషం నుంచే పాటిస్తే వేడి పేరుకునే తీరు కూడా తగ్గుతుంది. మన వాతావరణంలో తొలిసారి దిగేవారికి ఇది నామోషీ పడవలసిన విషయం కానే కాదు, చాలామందికి ఇదే అత్యుత్తమ వ్యూహం.

తోటివారు గుర్తించవలసిన లక్షణాలు కొన్ని ఉన్నాయి. తూలుతూ పరుగెత్తడం, పొంతన లేని మాటలు, ఉన్నట్టుండి కోపం, చలి వేస్తోందనడం తీవ్రమైన ఎండదెబ్బకు సూచనలు కావచ్చు. చెమట పడుతూనే ఉన్నా ఇది రావచ్చు. శరీరపు లోపలి వేడి 40 డిగ్రీలు దాటి మెదడు పనితీరు చెడినప్పుడు ప్రతి నిమిషమూ విలువైనదే. మంచునీటి తొట్టిలో ముంచడం అత్యుత్తమ చికిత్స, అది లేకపోతే ఒళ్లంతా నీళ్లు పోస్తూ విసురుతూ మంచుగడ్డలు పెట్టాలి. ఆసుపత్రికి తరలించడంకన్నా చల్లబరచడం ముందు జరగాలి. స్పృహ సరిగా లేనివారి నోట్లో నీళ్లు పోయకూడదు.

గీత దాటాక వెంటనే కూర్చోకూడదు. కాళ్ల కండరాలు ఆగిపోతే రక్తం కిందికి చేరి తల తిరుగుతుంది కాబట్టి పది నిమిషాలు నెమ్మదిగా నడవాలి. ఆ రాత్రే రైలు ఎక్కి విజయవాడకు తిరిగి రావలసినవారు అప్పుడప్పుడూ బోగీలో అటూఇటూ తిరగడం అవసరం. రెండు మూడు రోజులు మెట్లు దిగడం కష్టంగా ఉంటుంది, ఆ నొప్పి తగ్గినా కండరాల్లోని సూక్ష్మమైన గాయాలు మానడానికి రెండు వారాలు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ పడుతుంది. ఈ వ్యవధిలో బ్యారేజీ మీద నడక చాలు. ఆ తర్వాతి పోటీకి పేరు నమోదు చేసుకోవడానికైనా ఆ రెండు వారాలు ఆగితే, దాని సాధన ఏ నెలల్లో పడుతుందో క్యాలెండరు ముందు పెట్టుకుని చూసుకునే తీరిక దొరుకుతుంది.